మల్లెతోటలో ఆరు మేకులు

నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక మూల పెద్ద ఇనప గొలుసు చుట్ట చుట్టుకుని పడి ఉండేది. నా ఈడు ఆడపిల్లలు బంగారు గొలుసు గురించి కలలు కంటుంటే, నాకు తెలిసిన గొలుసు అదొక్కటే. మా నాయన రోడ్ల శాఖలో చైన్‌మన్. కొత్త రోడ్డు ఎటు పోవాలో ఓవర్సీరు చెబితే, ఆ గొలుసుతో నేల కొలిచి, కొలిచిన చోటల్లా ఎర్రరంగు పూసిన కొయ్య మేకు దిగ్గొట్టడం ఆయన పని. ఆ మేకుల వెంట కూలీలు సున్నంతో గీత పోస్తారు. గీత పడిందంటే అక్కడికి రోడ్డు వచ్చినట్టే లెక్క.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయే దారిలో ఉండేది మా ఊరు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్ను పెంచింది నాయనే అయినా, నా తల దువ్వింది మాత్రం పక్కింటి అక్క. ఆమెకు పెళ్ళయిన రెండో ఏడే భర్త పోయాడు. చంకలో బిడ్డ, ఇంటి వెనక ఒక బావి, బావి చుట్టూ మల్లెతోట, ఇవే ఆమె ఆస్తి. తెల్లారేలోపు మొగ్గలు కోసి, మొదటి బస్సుకు తిరుపతికి పంపేది. కోసినవాటిలో ఒక దోసెడు నా జడకు తీసిపెట్టడం ఏ ఒక్కరోజూ మరిచిపోలేదు. జడ వేస్తూ ఏదో ఒకటి కసురుతూనే ఉండేది, నా జుట్టు చీపురుకట్టలాగా ఉందని, నా బుర్ర కూడా అలాంటిదేనని. ఆ కసురు వినకపోతే నాకు పొద్దు గడిచేది కాదు.

మా ఊరి మలుపులో లారీలు బోల్తా పడుతున్నాయని, దారిని తిన్నగా చేయాలని సర్కారు వారు అనుకున్నారు. ఒక శనివారం ఓవర్సీరు వచ్చి కొలతలు చెప్పాడు. నాయన గొలుసు లాగాడు. ఆ కొలత తిన్నగా పోయి అక్క తోటలో పడింది. బావితో సహా పోతుంది. నాయన తన చేత్తోనే ఆ తోటలో ఆరు మేకులు కొట్టి వచ్చాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం, ఓవర్సీరు ఊళ్ళో ఉండడు. నేను చీకటితో లేచి తోటలోకి పోయి ఆ ఆరు మేకులూ పీకాను. తోట తప్పిపోయేంత దూరంగా, పాత రోడ్డు దాటి అవతలి వైపు మళ్ళీ పాతాను. ఏదో పిల్లచేష్టలా ఇష్టం వచ్చినట్టు పాతలేదు. నాయన చేసేటట్టే ఒక కన్ను మూసి, ఒకదాని వెనక ఒకటి దాక్కునేలా చూసి, ముందూ వెనకా ఉన్న మేకులతో కలిసేలా వంపు తీర్చి మరీ పాతాను. అంత చక్కగా కుదిరింది కాబట్టే సోమవారం పొద్దున కూలీలు అనుమానపడకుండా ఆ మేకుల వెంటే సున్నం పోసేశారు. నేను చేసిన మొట్టమొదటి సర్వే అది.

అవతలి వైపు ఏముందో నేను చూడలేదు. చూడలేదంటే నాకు తెలియదని కాదు. అక్కడ కానుగ చెట్ల వెనక కళాయి తాత ఉండేవాడని ఊరందరికీ తెలుసు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే ముసలాయన, సాయిబు, ఎవరూ లేని ఒంటరివాడు. కాని ఆ తెల్లవారుజామున నా కళ్ళకు అదంతా ఖాళీ జాగాలాగే కనిపించింది.

సోమవారం సాయంత్రం నాయన వేరే పని నుంచి వచ్చి, సున్నం గీత చూసి, ఒక మేకు దగ్గర కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కొయ్య సుత్తితో కొడతాడు, మేకు తల చెదరదు. నేను రాయితో కొట్టినందువల్ల తలలన్నీ చిట్లి ఉన్నాయి. లేచి, వెనకే వచ్చి నిలబడిన నా లంగాకు నిన్నటి నుంచీ అంటి ఉన్న మట్టి చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు, నా చెయ్యి పట్టుకుని కానుగ చెట్ల వెనక్కి తీసుకుపోయాడు.

గీత సరిగ్గా కళాయి తాత గుడిసె వాకిట్లోంచి పోయింది. ఆయన అప్పటికే కొలిమి గుంట పెళ్ళగించి, గాలి ఊదే తిత్తిని బయటికి తీసి పక్కన పెట్టేశాడు. గుడిసె మీది తాటాకులు సగం దించేశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే, ఆ గీత చూసిన వెంటనే మొదలుపెట్టాడట. అన్నిటికన్నా నేను మరిచిపోలేనిది మరొకటి ఉంది. తాటాకుల మోపు ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతూ, తన వాకిట్లోనే, ఆ సున్నాన్ని తొక్కకుండా ఆయన చుట్టూ తిరిగి పోతున్నాడు. సర్కారు వాళ్ళది, చెరిగితే ఏమంటారోనని.

నాయనను చూడగానే మోపు దించి, "ఎన్ని దినాలు టైమిస్తారు బేటా? మోకాళ్ళు నొస్తా ఉండాయి, నిదానంగా తీస్తా ఉండా" అన్నాడు. తప్పు జరిగిందని, గీత ఇటు రాదని, నాయన రెండు మూడు సార్లు గట్టిగా చెబితే గాని ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తాటాకుల మీద కూలబడి ఏడ్చాడు. మా నాయన పైకెక్కి, చీకటి పడేదాకా ఆ తాటాకులు తిరిగి కప్పాడు. నేను కింద నిలబడి ఒక్కొక్కటే అందించాను.

ఇంటికి వస్తూ దారిలో ఒక్క మాటే అన్నాడు. "గీత జరిపితే యాడికీ మాయం కాదు పాపా. ఇంగొకరి ఇంట్లోకి పోతాది. ఎవురింట్లోకి పోతా ఉండాదో సూడకుండా జరపకూడదు."

మంగళవారం పొద్దున ఓవర్సీరు ముందు ఆ తప్పు తన మీద వేసుకున్నాడు. కొలత తప్పినానన్నాడు. పదిమందిలో నానా మాటలూ పడ్డాడు. తర్వాత సుత్తీ మేకులూ తీసుకుని నన్ను వెంటబెట్టుకుని అక్క తోటకు వెళ్ళాడు. నీ చేత్తో పీకినవి నీ చేత్తోనే పట్టుకోమన్నాడు. నేను మేకు పట్టుకున్నాను, ఆయన కొట్టాడు. ఆరూ అంతే. అక్క బావి గట్టు మీద బిడ్డనెత్తుకుని నిలబడి చూసింది. ఆరో మేకు దిగాక లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మరుసటి పొద్దున దువ్వెన పట్టుకుని ఆమె వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. తలుపు తెరవలేదు. ఆ రోజు నుంచి మా నాయనే నాకు జడ వేయడం నేర్చుకున్నాడు. ఎంత పొడవు దారయినా తిన్నగా కొలిచే ఆయనకు జానెడు పాపిడి తిన్నగా రాలేదు. వానలు మొదలయ్యేలోపు అక్క బిడ్డను తీసుకుని పుత్తూరు దగ్గర పుట్టినూరికి వెళ్ళిపోయింది. తోట మీద కంకర పడిన రోజు నేను బడికి పోకుండా ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాను. నేను మేకు పట్టుకున్నానని ఆమెకు నా మీద పగ అనుకున్నాను. ఏళ్ళ తరబడి అదే అనుకున్నాను.

తర్వాత నేను ఇంజనీరునయ్యాను. చివరికి రాష్ట్రంలో పెద్ద రోడ్లు వేసే పథకం మొత్తం నా చేతికి వచ్చింది. గోడ నిండా పటాలు, పటాల నిండా రంగు గీతలు. పొద్దున లేస్తే ఫోన్లు, "మేడమ్, ఆ వూరి దగ్గర కొంచెం అటు జరపండి" అని. జరిపితే అటు ఎవరున్నారో చూసి రమ్మని కుర్రాళ్ళను పంపేదాన్ని, వీలైనప్పుడల్లా నేనే వెళ్ళేదాన్ని. మేడమ్‌కు కాలు నిలవదని వెనక నవ్వుకునేవారు. కొన్నిసార్లు గీత జరిపాను, కొన్నిసార్లు జరపలేదు. రెండు రకాలుగానూ ఎవరో ఒకరు ఏడ్చారు. చిత్తూరు అవతల ఒక మామిడితోటలో ఒకామె నా మీద మన్నెత్తి పోసింది. చీర దులుపుకోబుద్ధి కాక అలాగే జీపెక్కాను.

ఎవరి ఇల్లు పోతుందో వారికి ఎదురుగా నిలబడి చెప్పాలని నా కింది వాళ్ళందరికీ నేర్పాను. అక్క ఇంటికి మాత్రం నేను వెళ్ళలేదు. తనిఖీలకు పుత్తూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో, ప్రతిసారీ ఆ ఊరి మలుపు రాగానే ఫైలు తెరిచి అందులో తలదూర్చేదాన్ని. వచ్చేసారి చూద్దాంలే అనుకునేదాన్ని. నాయన కూడా పోయాడు. నేను రిటైరయ్యాను. పోయినేడు, అక్క కూడా పోయిందని మా ఊరివాళ్ళు ఫోన్ చేసి చెప్పారు.

పదకొండో రోజు వెళ్ళాను. అక్క కూతురు, ఆ రోజు చంకలో ఉన్న బిడ్డ, ఇప్పుడు తల నెరిసిన మనిషి, కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఎవరు మీరని అడిగింది. పాత ఊళ్ళో మీ పక్కింటివాళ్ళమని చెప్పాను.

ఆమె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది. "మేకులు పీకిన పాప మీరేనా?" అంది.

కాఫీ గ్లాసు కింద పెట్టి తల ఊపాను.

"మాయమ్మ చెప్తానే ఉన్నింది. ఆ పొద్దు బాయికాడ నిలబడి సూసిందంట, మీరు పీకేదాన్ని. వద్దు పాపా అనేదానికి నోరు రాలేదంట, తోట మిగుల్తాదని ఆశ. మీ నాయన ఆ ముసలాయన్ని చూసొచ్చి, మాటలు పడి, మళ్ళా మేకులు కొడతా ఉంటే, తెలిసి కూడా గమ్మునుండిపోతినే అని ఆమెకు తల కొట్టేసినట్టయిందంట. ఏ మొగం పెట్టుకుని ఆ పాపకు జడేసేదని ఏడ్సేది. ఒగసారన్నా వస్తాదేమోనని రోడ్డు సూస్తానే ఉన్నింది."

పగ అనుకున్నది సిగ్గు. ఆమె సిగ్గుపడి రాలేదు, నేను భయపడి వెళ్ళలేదు. ఎవరో ఒకరం గడప దాటి వెళ్ళి ఒక్క మాట అనుంటే సరిపోయేది. మా నాయన నన్ను చెయ్యి పట్టుకుని కళాయి తాత వాకిటికి తీసుకువెళ్ళి నేర్పింది అదే. దాన్ని ఉద్యోగానికి పనికొచ్చే పాఠమనుకుని ఉద్యోగంలోనే ఖర్చు పెట్టేశాను.

నేను ఫైలులో తలదూర్చే ఆ మలుపు దగ్గర నుంచి అక్క ఇంటి వాకిలి దాకా తారు రోడ్డు ఉంది, ఎక్కడా గుంత లేదు. దాన్ని మంజూరు చేసిన కాగితం మీద సంతకం నాదే. కారెక్కి దాని మీదే వెనక్కి వస్తూ, తలకాయ నెరిసిన దాన్ని, చిన్నపిల్లలాగా ఏడ్చాను.