దొరసాని బొంత మీద గింజలు

మొన్న మధ్యాహ్నం ఖమ్మంలో మా పక్కింటి అమ్మాయి తలుపు కొట్టింది. చేతిలో చిన్న బొంత. వాళ్ల పిల్లి పడుకునే బొంత అది. "ఆంటీ, దీని మీద నువ్వులు ఎట్లొచ్చినయ్? మా ఇంట్ల నువ్వులే లేవు," అంది. కళ్లద్దాలు వెతుక్కోకుండానే చెప్పేశాను, అవి నువ్వులు కావని, పిల్లి కడుపులోని బద్దెపురుగు ముక్కలు బయటపడి ఎండిపోతే అలాగే ఉంటాయని, పశువుల డాక్టరుకు చూపిస్తే మాత్రతో పోతుందని. ఆ పిల్ల నన్నే డాక్టరును చూసినట్టు చూసింది. నాకొచ్చిన పశువైద్యం మొత్తం అంతే. అదీ మా అత్తమ్మ పెంచిన పిల్లి పుణ్యమాని వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం సారపాకలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన అట్టల మిల్లులో కాంట్రాక్టు పనులు చూసేవాడు. ఇంటి ముందు రోడ్డు మీద పొద్దస్తమానం వెదురు లారీలు, జామాయిల్ కర్ర లారీలు పోతుండేవి, వంటింట్లో గిన్నెలు వాటంతటవే మోగేవి. మా మామయ్య ఇల్లందు బొగ్గుబావిలో పనిచేసి, రిటైరయ్యాక పోయారు. ఆ తర్వాత అత్తమ్మ ఒక ట్రంకు పెట్టె, ఒక రోకలి, గంపలో ఒక పిల్లితో మా దగ్గరికి వచ్చింది. నల్లటి ఒళ్లు, తెల్లటి పాదాలు, ఎవరినీ లెక్కచేయని నడక. అందుకే దాని పేరు దొరసాని. నేను మధిర వైపు పిల్లను. మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ' పెట్టేదాన్ని. ఆమెకు అవి చెవిలో ముల్లులా గుచ్చుకునేవి. వచ్చిన కొత్తలోనే చేపల పులుసులో బెల్లం ముక్క వేయాలా వద్దా అన్న దగ్గర మాకు మాటామాటా వచ్చింది. అంతే, ఇద్దరం మాట మానేశాం. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ బెల్లం ముక్క మా ఇద్దరికీ పరువు సమస్య.

అయితే ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడకుండా సంసారం ఎలా నడుస్తుంది? దొరసాని నడిపింది. "దొరసానీ, పప్పు మాడుతున్న వాసనొస్తుంది, మీ అమ్మకు చెప్పు," అనేది అత్తమ్మ వసారాలోంచి. "దొరసానీ, అది పక్కింటి వాళ్ల పప్పు అని మీ నానమ్మకు చెప్పు," అనేదాన్ని నేను పొయ్యి దగ్గర నుంచి. నీళ్లొచ్చే వేళ, పాలవాడు రాని సంగతి, నాకు నెల తప్పిన సంగతి కూడా ఆ పిల్లి చెవిలోంచే అటు చేరాయి. ఆ చివరి మాట విన్న రోజు అత్తమ్మ చాలాసేపు పిల్లి తల నిమురుతూ కూర్చుంది. తర్వాత, "దొరసానీ, మీ అమ్మను బరువులు లేపొద్దను," అంది. మా ఆయన మాత్రం, "ఈ పిల్లికి జీతమియ్యాలె మనం," అని నవ్వేవాడు.

నాలుగో నెలలో ఉండగా గింజల గొడవ మొదలైంది. దొరసాని బొంత మీద అక్కడక్కడా బియ్యపు గింజలు కనపడసాగాయి. అత్తమ్మకు గింజ కాలి కింద పడితే ప్రాణం పోయినట్టుండేది. ఒక్కొక్కటే ఏరి ఇంటి ఓనరు కోళ్లకు వేసేది. "దొరసానీ, చాట సక్కగ పట్టుకొని చెరగమని చెప్పు. నీ బొంత మీద గూడ బియ్యం వోస్తున్నరు," అని రోజూ ఒక చురక. నేను బియ్యం చెరిగేది పెరట్లో, బొంత ఉండేది వసారాలో. ఆ మాట పిల్లికి ఎన్నిసార్లు విన్నవించుకున్నా లాభం లేకపోయింది. ఆ రోజుల్లోనే దొరసాని కూర్చుని, వెనక కాళ్లు చాపి, పిర్రలు నేలకు రాస్తూ ఈడ్చుకుంటూ పోయేది. కొత్త ఆట నేర్చిందనుకున్నాం. తిండి బాగానే తింటున్నా నడుము దగ్గర ఎముకలు తేలుతున్నాయి, బొచ్చులో నిగారింపు పోయింది. ముసలిదవుతోంది కాబోలు అనుకున్నాం.

ఒక ఉదయం అత్తమ్మ అలవాటుగా గింజలు ఏరుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. బెల్లం గొడవ అయినప్పటి నుంచి నా కళ్లలోకి సూటిగా చూడని మనిషి, ఆ రోజు నా ముందుకొచ్చి అరచెయ్యి తెరిచింది. ఆ చేతిలో బియ్యపు గింజ సాగింది. మళ్లీ ముడుచుకుంది. మళ్లీ సాగి, కొంచెం ముందుకు నడిచింది. నేను వేసిన కేకకు ఓనరు కోళ్లు గోడెక్కాయి.

సాయంత్రం విషయం తెలిసి మా ఆయన నవ్వడం మానేశాడు. "బిడ్డ పుట్టే ఇంట్ల పురుగుల పిల్లేంది? వెనక్కి వోయే వెదురు లారీ ఎక్కిచ్చి అడివిల దింపిస్త," అన్నాడు. అత్తమ్మ, "నాకేంది, పిల్లే గదా," అంది. వేపాకు నూరి ఉండ చేసి దాని నోట్లో పెట్టబోతే అది ఆమె చీర మీదే ఉమ్మేసింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. బొంతను మడతపెట్టి గంపలో సర్దుతుంటే చూశాను. నాకు నిజంగా భయమేసింది. పురుగులకు కాదు. దొరసాని వెళ్లిపోతే ఈమె ఇక నాతో ఎలా మాట్లాడుతుంది? పుట్టబోయే బిడ్డను ఎత్తుకుని ఈ మూగ ఇంట్లో ఎలా ఉండాలి?

తెల్లారి మా ఆయన డ్యూటీకి వెళ్లగానే గంప అందుకుని గడప దాటాను. అత్తమ్మ చెప్పులేసుకుని వెనకే వచ్చింది. ఎక్కడికని అడగలేదు. ఆటోలో గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం పశువుల దవాఖానాకు వెళ్లాం. మేకలు, బర్రెల మధ్య మా గంపను అందరూ వింతగా చూశారు. డాక్టరు గారు నేను పొట్లం కట్టి తెచ్చిన గింజల్ని చూసి, ఇది బద్దెపురుగని చెప్పారు. పిల్లి బొచ్చులో ఎగిరి దూకే చిన్న పురుగులుంటాయని, ఒళ్లు నాకేటప్పుడు వాటిని మింగితే ఇది కడుపులో పెరుగుతుందని, ఎలుకల వల్లా రావచ్చని వివరంగా చెప్పారు. పిల్లల నులిపురుగుల మాత్ర ఇంట్లో ఉంటే వేయవచ్చా అని అడిగాను. "ఆ పని చెయ్యకండమ్మా. మందు వేరు, మోతాదు వేరు. ముందు పిల్లి బరువెంతో చెప్పండి," అన్నారు.

అక్కడున్న కాటా బర్రెలది. దొరసాని ఎక్కి కూర్చున్నా ముల్లు కదల్లేదు. రోడ్డవతల గోదావరి చేపలమ్మే ఆమె తక్కెడే మాకు దిక్కయింది. ఆటోలో నన్ను గీరి, డాక్టరు మీద బుసకొట్టిన పిల్లి, ఆ చేపల వాసన పళ్లెంలో మాత్రం బుద్ధిగా కూర్చుని అంచులు నాకడం మొదలుపెట్టింది. "ఏందమ్మా, దీన్ని అమ్ముతరా?" అందామె. "అమ్మితే నా కొడుకునన్న అమ్ముత గని దీన్ని అమ్మ," అంది అత్తమ్మ. నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఆమె కూడా పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చి మాత్ర ముక్కను చేపలో దాచి పెడితే, దొరసాని చేపను తిని మాత్రను శుభ్రంగా పక్కన పెట్టింది. ఇక లాభం లేదని పాత చీరలో చుట్టి యుద్ధానికి దిగాం. "గట్టిగ పట్టుకో బిడ్డా, చెయ్యి గీరుతది!" "పట్టుకున్నా అత్తమ్మా, నోరు తెరవండి! మీది కాదు, దానిది!" "ఏసిన్నే! గొంతు నిమురు, జల్దీ నిమురు!" గుటక పడింది. దొరసాని చీరలోంచి దూకి బీరువా మీదికెక్కి మా ఇద్దరికీ వీపు చూపించింది. అత్తమ్మ రొప్పుతూ నా వైపు చూసి, "నడుము నొస్తుందా? కూసో, నీళ్లు తెస్త," అంది. పిల్లికి కాదు, నాకే.

సాయంత్రం మా ఆయన వచ్చి గంప ఖాళీగా ఉండటం చూసి, పిల్లి ఏదని అడిగాడు. "ఏడికి వోతది? నా కోడలు దవాఖానాల జూపిచ్చి మందేయించింది," అంది అత్తమ్మ. డాక్టరు చెప్పినట్టు బొంతను మరిగే నీళ్లలో ఉడకబెట్టింది, పిల్లులకని రాసిచ్చిన మందే ఒంటికి రాసింది. ఆ దూకే పురుగులు పోకపోతే గింజలు మళ్లీ వస్తాయని డాక్టరు గట్టిగా చెప్పారు మరి. దొరసాని మలం ఎత్తే పని నన్ను ముట్టుకోనివ్వలేదు, కడుపుతో ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దన్నారని. గింజలు మళ్లీ కనపడలేదు. బొచ్చు నిగనిగలాడింది. మా అమ్మాయి పుట్టి, దొరసాని తోక పట్టుకుని లేచి నిలబడటం నేర్చుకుంది.

మా అత్తమ్మ మాట్లాడటం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. బొగ్గుబావి సైరన్ల గురించి, మామయ్య అలకల గురించి, పులుసులో బెల్లం ఎందుకు కూడదో దాని గురించి, తను పోయే వరకు చెబుతూనే ఉంది. నేనూ ఒప్పుకోకుండా వాదిస్తూనే ఉన్నాను. మాట్లాడుకోని ఆ కొన్ని నెలల్లో ప్రతి రోజూ నాకిప్పటికీ విడిగా గుర్తుంది. మాట్లాడుకుంటూ గడిపిన అన్నేళ్లు మాత్రం ఎప్పుడు అయిపోయాయో తెలియనే లేదు.