సొరకాయకు జడలు

అప్పట్లో నాకు ఏ పనైనా ఫోనులో ఒకసారి చూస్తే చాలు, చేతికి వచ్చేసినట్టే అనిపించేది. కాలేజీ ముగించి మేట్టుపాళయంలో ప్లాస్టిక్ మూతలు చేసే ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరిన రోజులవి. మూతలు సీసాలకు సరిగ్గా బిగుస్తున్నాయో లేదో తిప్పి చూడటం నా ఉద్యోగం. (ఇంట్లో వాళ్ళు చుట్టాలకు ‘మావాడు ఇంజనీరు’ అని చెప్పేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు.) లోకంలో నాకు రాని పని లేదనీ, ఇంకా మొదలుపెట్టని పనులు మాత్రం కొన్ని ఉన్నాయనీ నా నమ్మకం. అలాంటి మొదలుపెట్టని పనుల్లో వంట ఒకటి.

ఆ ఏడాది వానల్లో మా అమ్మ పెరటి గచ్చు మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. ముదలియార్‌పేటలో మా వీధంతా వచ్చి పరామర్శించి వెళ్ళింది గానీ, అసలు కష్టం మాది. అమ్మ వంట తిని పెరిగినవాళ్ళం, ఒక్కసారిగా హోటలు పొట్లాల మీద పడ్డాం. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పనిచేసే మా నాయనకు అప్పటికే షుగరు. మైదా ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. ఆయనకేమో నూడుల్స్ అంటే ప్రాణం. పైగా ఎవరిదో పుట్టినరోజు విందులో తిన్న తెల్ల సాసు పాస్తాను తలుచుకుని, దూరమైన స్నేహితుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

సరిగ్గా అప్పుడు కడలూరు నుంచి మా అత్త దిగింది. నాయనకు అక్క. మేం పిల్లలం చాటున ‘తాసిల్దారు’ అనేవాళ్ళం. ఆమె గడప దాటితే ఏ ఇంట్లోనైనా చట్టం మారిపోయేది. ఈసారి బట్టల సంచితో పాటు తన సొంత ఇనప దోసెపెనం కూడా తెచ్చుకుంది. అది చూసి అమ్మ ముఖం పాలిపోయింది. పెనం తెచ్చుకున్న మనిషి రెండు రోజుల్లో పోదు గదా! సాయంత్రానికల్లా వంటింట్లో డబ్బాలన్నీ స్థలాలు మారాయి. అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి గుసగుసగా, “రేయ్, నా పోపుల డబ్బా యాడ పెట్టిందో కనపడలేదురా. చెయ్యి నొప్పైనా ఓర్చుకుంటా గానీ, ఇది నా వల్ల కాదు,” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మ కళ్ళలో నీళ్ళు చూశాక ఆగడం కష్టం. నేరుగా హాల్లోకి పోయి, “అత్తా, ఇంక ఇంట్లో వంట నేను చేస్తా,” అన్నాను. టీవీ చూస్తున్న అత్త శబ్దం తగ్గించి మరీ నవ్వింది. “నువ్వా? స్టవ్వు యాడుండాదో తెలుసునా నీకు? సరి, ఆదివారం సాయంత్రం అందరికీ వండి పెట్టు. మీయమ్మ నోట ఒక్క మాట రాకూడదు, సైగ కూడా ఉండకూడదు. తినేటట్టు ఉంటే సోమవారం నేను బస్సెక్కిపోతా. లేదంటే కట్టు విప్పేదాకా ఈడనే!” నా వెనకే వచ్చిన అమ్మ ఎడమ చేత్తో అత్త చెయ్యి పట్టుకుని మాట ఇచ్చింది.

ఇక మామూలుగా ఆలోచించేవాడైతే అన్నం, చారు పెట్టి గట్టెక్కేవాడు. నేను ఫోనులో వెతికి, పాస్తాకు బదులు కూరగాయల్ని నూడుల్స్‌లా చీరి చేసే క్రీము వంటకం ఎంచుకున్నాను. మైదా లేని పాస్తా! నాయనకు ప్రాణం లేచి వస్తుందనుకున్నాను. వీడియోలోని అమ్మాయి జుకినీ అనే సీమకాయ వాడింది. మా వీధి కొట్టులో ఆ పేరు అడిగితే కొట్టు ఆయన నన్నే మళ్ళీ అడిగాడు. దానికి బంధువులా కనిపించిన లేత సొరకాయలు రెండు, కొన్ని క్యారెట్లు పట్టుకొచ్చాను. (నాయన పుట్టి బుద్ధెరిగాక సొరకాయ ముట్టలేదన్న సంగతి నేను ఎవరికీ గుర్తు చెయ్యలేదు.)

ఆదివారం సాయంత్రం అమ్మ వంటింటి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సైగ చేస్తుందేమోనని అత్త హాల్లోంచి ఓ కన్నేసి ఉంచింది. నేను చెక్కు తీసే పీలరుతో సొరకాయను పొడుగ్గా చీరడం మొదలుపెట్టాను. మొదట సన్నటి పట్టీలు వచ్చాయి, తర్వాత నా వేలి తోలు కాస్త వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుంది. వెల్లుల్లి మాడింది. పారేసి మళ్ళీ వేశాను. పాలు పొంగి స్టవ్వంతా పారాయి. అమ్మ చీర చెంగును పళ్ళ మధ్య పెట్టుకుంది. చీజు ముక్కల్లో ఒకటి రేకు కాగితంతో సహా గిన్నెలో పడినప్పుడు మాత్రం కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది. నేనే దాన్ని చూసి గరిటెతో బయటికి లాగాను. ఒక్క మాట లేదు, ఒక్క దగ్గు లేదు. నా పనితనం చూసి అమ్మకు నోట మాట రావడం లేదని నేను లోలోపల పొంగిపోయాను. క్రీము చిక్కగా ఉడుకుతుంటే మిరియాల పొడి చల్లి, సొరకాయ, క్యారెట్టు పట్టీలు అందులో వేసి, వీడియోలోలాగే మణికట్టు తిప్పి కలిపాను.

అందరికీ వడ్డించాను. అత్త పళ్ళెం ఎత్తి దీపం వెలుగులో చూసింది. “ఏందిరా ఇది, సొరకాయకు జడలేసినావు?” అంది. నాయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. “సొరకాయా?” అన్నాడు. అప్పటికే సగం తినేశాడు. మిగతా సగం కూడా తిని, “అదేందో గానీ, ఇంకొంచెం పెట్టు,” అన్నాడు. అత్త రెండు ముద్దలు తిని, అమ్మ వైపు తిరిగింది. “ఇంక నోరు తెరువు. నిజం చెప్పు. ఎట్లుండాది?”

అమ్మ ఎడమ చేత్తో చెంచా పట్టుకుని నింపాదిగా నమిలింది. “రొంబ బాగుండాది వదినా. ఉప్పు వెయ్యలేదు, అంతే.”

అత్త చెంచా కింద పెట్టేసింది. “వెయ్యలేదని చూస్తా కూడా ఊరికే కూసోనుంటివా?”

“మాట ఇచ్చినాను గదా. అయినా మరిచిపోయిందే మంచిదైంది. ముందే ఉప్పేసుంటే సొరకాయ నీళ్ళు వదిలి అంతా పులుసయ్యుండును. చీజులో కొంచెం ఉప్పుండాది. పైన చల్లుకుంటే సరి.”

ఉప్పు గిన్నె చేతులు మారింది. అత్త తన పళ్ళెంలో చిటికెడు చల్లుకుని అమ్మ వైపు తిరిగింది. “నేనైతే ఆ పాలు పొంగేటప్పుడే అరిసేసుందును. యాడ నేర్చినావే ఇంత ఓర్పు?” అంది. ఆమె నోట ఒకరిని మెచ్చుకునే మాట నేను విన్నది అదే మొదలు. మర్నాడు పొద్దున బస్సెక్కేముందు పోపుల డబ్బాను తానే పాత చోట పెట్టి, దోసెపెనం సంచిలో దూర్చుకుంది. గుమ్మం దగ్గర నాతో, “మీయమ్మ నోట్లో ఆగిపోయిన మాటల రుచి రా అది, నీ వంటది కాదు,” అని నెత్తిన మొట్టి పోయింది.

ఇప్పుడు వంట నాకు బాగానే వచ్చు. కానీ నా భార్య పోపు వేస్తుంటే పక్కన నిలబడి, మంట తగ్గించమని చెప్పకుండా నాలుగు నిమిషాలు ఉండలేను. అలా చెప్పి తిట్లు తిన్నప్పుడల్లా ఆ ఆదివారం గుర్తొస్తుంది. చెమట కారుతూ, వేలికి గుడ్డ చుట్టుకుని, అమ్మ తన గొప్పతనానికి మూగబోయిందని నమ్మి గరిటె తిప్పుతున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. వాణ్ణి అలా నమ్మనిచ్చినందుకు అమ్మకు ఒక దణ్ణం పెట్టుకుని, మెల్లగా వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను.