విరిగిన వేలికి అందే నిప్పు

స్టోరమ్మ తన కుడిచేతి బొటనవేలిని అరచేతికి ఆనించి గుడ్డతో కట్టేసుకుని నాలుగు రోజులైంది. ఆ చేత్తోనే తాళాలు తీస్తోంది, బొత్తాలు పెట్టుకుంటోంది, గిన్నెలు తోముతోంది. కూరగాయల కత్తి రెండుసార్లు జారి నేల మీద పడింది. మూడోసారి జారినప్పుడు ఆమె మరిది ఉండబట్టలేకపోయాడు.

"నన్ను వెక్కిరించాలనుంటే నోటితో వెక్కిరించు వదినా. ఇంత అవస్థ దేనికి?"

"నిన్ను వెక్కిరించడానికి గుడ్డలెందుకు, నోరు చాలదూ?" అంది ఆమె కత్తి తీసుకుంటూ. "ఆ ఉల్లిపాయలు ఇటు జరుపు."

నీళ్ల ఆఫీసు సామాన్ల స్టోరు చూస్తుంది కాబట్టి ఆమెని స్టోరమ్మ అంటారు. మరిదిని అందరూ బక్కోడు అంటారు. పట్నానికి నీళ్లు తెచ్చే కొండ లైను మీద పదకొండేళ్లు నడిచిన మనిషి. లైను అంటే నడుమెత్తు ఇనప గొట్టం. కొండ మీది జలాశయం నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు దిగి వస్తుంది. పన్నెండు మంది వంతులవారీగా, ఒక్కొక్కరే దాని వెంట నడుస్తారు. కారుతున్న చోట బిగిస్తారు, గాలి చిక్కిన చోట వాల్వు తిప్పి వదులుతారు. దారిలో మూడు రాతి గదులున్నాయి. వాన పట్టుకుంటే వాటిలోనే తలదాచుకోవాలి.

కిందటి వానాకాలంలో రెండో గది దగ్గర వాల్వు చక్రం వెనక్కి తన్నింది. బక్కోడి కుడి బొటనవేలు నలిగిపోయింది. తడిసి ముద్దయి ఎలాగో గదిలో పడ్డాడు. పొయ్యి పక్కన పుల్లలు ఎండుగానే ఉన్నాయి. జేబులో లైటరుంది, అందులో గ్యాసూ ఉంది. లేనిదల్లా దాని చక్రం తిప్పే బొటనవేలు. ఎడమచేత్తో తిప్పి చూశాడు. చలికి కొయ్యబారిన వేళ్లకి అది చిక్కలేదు. మిగతావాళ్లు వెతుక్కుంటూ వచ్చేసరికి పగలంతా గడిచిపోయింది, మనిషికి మాట పడిపోయింది. ఊపిరితిత్తులకి నెమ్ము చేసి ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వేలు దక్కింది గానీ మడత పడడం మానేసింది.

ఆ లైటరు ఇచ్చింది స్టోరమ్మే.

తర్వాత సూపరింటెండెంటు ఒక కాగితం అంటించాడు. ఐదు నిమిషాల్లో సొంతంగా నిప్పు చేసుకోలేని మనిషి కొండ మీదికి ఒంటరిగా వెళ్లకూడదు. జేబులో పట్టే సాధనం ఒకటి స్టోరువాళ్లే ఎంచి అందరికీ ఇవ్వాలి. వానలు ముదిరేలోపు పరీక్ష. అప్పటిదాకా బక్కోడిని గేటు దగ్గర కూర్చోబెట్టారు. పరీక్షలో తప్పితే ఇక జన్మంతా ఆ గేటే. వచ్చే లారీ నంబరు రాసుకోవడం, పోయే లారీ నంబరు రాసుకోవడం. పదకొండేళ్లు గొట్టానికి చెవి ఆనించి నీళ్ల నడక విన్న మనిషికి ఆ కుర్చీలో కూర్చుంటే ఒళ్లు తుప్పు పడుతున్నట్టుండేది.

వదిన ఎలాంటి మనిషో అతనికి తెలుసు. ఈ ఉద్యోగానికి ముందు ఆమె నూలు మిల్లులో కండెల బరువు చూసేది. కాటా మీద పెట్టకముందే చేత్తో ఎత్తి తూకం చెప్పేదట. ఇక్కడ స్టోరులో చేరి పద్నాలుగేళ్లు. రేకుల కప్పు కింద పొడవాటి గది, గోడ పొడుగునా చెక్క అరలు. ఏ అరలో ఏ కొలత వాషరుందో కళ్లు మూసుకుని తీసి ఇస్తుంది. తాను వాడి చూడని వస్తువు ఒక్కటి కూడా ఇంకొకరి చేతికి ఇవ్వదు. వానకోట్లు వస్తే ఒకటి తొడుక్కుని కుళాయి కింద అరగంట నిలబడింది. టార్చిలైట్లు వస్తే బకెట్లో ముంచి మర్నాడు తీసింది. ఒకసారి వచ్చిన నలభై జతల చేతి తొడుగుల్లో ప్రతి జతా రెండూ కుడిచేతివే అని కనిపెట్టి, మొత్తం మూటగట్టి వెనక్కి పంపింది. "ఇంట్లోనూ ఇంతేనా?" అని ఎవరో అడిగితే ఆమె భర్త, అంటే బక్కోడి అన్న, కుట్టుమిషను బాగుచేస్తూ తల ఎత్తకుండానే చెప్పాడు. "నన్ను కూడా ఆర్నెల్లు చూశాకే ఒప్పుకుంది."

నిప్పు సంగతి వచ్చేసరికి ఆ పట్టుదల ఇంకా ముదిరింది. తన బొటనవేలు కట్టేసుకున్నదీ అందుకే.

ముందుగా ఒక అమ్మకందారు ఛార్జింగ్ లైటరు తెచ్చాడు. మంట ఉండదు, రెండు మొనల మధ్య నీలంగా చిటపటలాడుతుంది. గాలికి ఆరదు. బక్కోడు ఆ సమయానికి స్టోరులోనే ఉన్నాడు. అది చూసి అతని ప్రాణం లేచొచ్చింది. మీట ఎడమచేత్తోనైనా నొక్కచ్చు.

"ఇలా అంటే అలా వెలుగుతుందమ్మా," అన్నాడు అమ్మకందారు.

"చేతులు తుడుచుకోకుండా చూపించు." ఆమె బల్ల కింది నుంచి మంచు ముక్కలు వేసిన బకెట్టు లాగింది. "మూడు నిమిషాలు ముంచి ఉంచు. తర్వాత వెలిగించు."

"నేనా?"

"అమ్మేది నువ్వే కదా."

అతను ఒక నిమిషం ఉంచి చెయ్యి తీసేసి ఊదుకున్నాడు. తడి చేత్తో మూడోసారికి వెలిగించి, గెలిచినట్టు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"బాగుంది. నాలుగు ఇచ్చి వెళ్లు. నెల తర్వాత చెబుతాను."

అలాగే గ్యాసు లైటర్లు, నీటికి చెడవని చెప్పిన అగ్గిపెట్టెలు, చెకుముకి కడ్డీలు ఒక్కో రకం నాలుగేసి తెప్పించింది. చెకుముకి కడ్డీ అంటే వేలంత నల్లటి లోహపు పుల్ల. పదునైన రేకుతో గీకితే తెల్లటి రవ్వలు రాలతాయి, దూదిలో పడితే అంటుకుంటుంది. వాటిని లైను మనుషులకి పంచి, "జేబులో పెట్టుకోండి, వాడొద్దు. నెల తిరిగాక తీసుకురండి," అంది.

"వాడకుండా పరీక్ష ఏంటి స్టోరమ్మా?" అన్నాడు అందరిలోకీ వయసు మీరిన లైను మనిషి. ఆయన్ని పెద్దయ్య అంటారు.

"నువ్వు దీన్ని ఏడాదికోసారి వాడతావు. మిగిలిన రోజులన్నీ మోస్తావు. మోతకి ఏది నిలుస్తుందో చూడాలిగా."

నెల తిరిగింది. అందరూ పెరట్లో చేరారు. అగ్గిపుల్లలు బాగానే ఉన్నాయి గానీ పెట్టె పక్కనున్న గీత చెమటకి నాని లేచిపోయింది. రెండు లైటర్లలో, తాళంచెవుల గుత్తికి ఒరిసి మీట నొక్కుకుపోయి, గ్యాసంతా ఎప్పుడో జేబులోనే ఖాళీ అయింది. ఛార్జింగువి నాలుగింటిలో ఒకటి మినుకుమంది, మిగతావి అదీ లేదు. చెకుముకి కడ్డీలు మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. రెండింటికి రేకులు పోయాయి. "రేకుని తాడుతో కట్టాలి," అని ఆమె రాసుకుంది.

తర్వాత ఒక్కొక్కరి బొటనవేలూ కట్టడం మొదలుపెట్టింది.

"మా వేళ్లు బాగానే ఉన్నాయి కదా," అని పెద్దయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"బాగున్న రోజు నీకు నిప్పుతో పనేంటి? సిగరెట్టుకా? ఇలా ఇవ్వు."

కట్టిన వేళ్లతో పదకొండు మందీ అష్టకష్టాలు పడ్డారు. రేకుని చూపుడువేలుకీ మధ్యవేలుకీ మధ్య ఇరికించి గీకి, ఏడుగురు ఐదు నిమిషాల్లోపు వెలిగించారు. బక్కోడి వంతు వచ్చింది. అతని వేలికి కట్టు అక్కర్లేదు. అయితే నిటారుగా బిగిసిన ఆ వేలు కట్టినదాని కంటే అడ్డం. రేకు జారింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. రవ్వలు రాలినప్పుడల్లా చెయ్యి అదుపు తప్పి దూదిని తన్నేది. చుట్టూ ఉన్నవాళ్లు చూపులు తిప్పుకున్నారు. నవ్వినా బాగుండేదనిపించింది అతనికి. చివరికి అంటుకుంది. వదిన గడియారం చూసి, రిజిస్టరులో అతని పేరు ఎదురుగా తొమ్మిది నిమిషాలని రాసింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇంటికొచ్చాక ఒంటికాలి మీద లేచాడు.

"ఐదని రాస్తే నీ సొమ్మేం పోయేది? సూపరింటెండెంటు సారు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎవరికి తెలిసేది?"

"కొండకి తెలిసేది."

"సొంత మరిదిని గేటుకి కట్టేశావు."

"ఐదని రాస్తే నువ్వు పైకెళ్తావు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "అక్కడ వాన కురుస్తుంది. నీ చేతిలో రేకు జారుతుంది. అప్పుడేం చేస్తావు, నా రిజిస్టరు కప్పుకుంటావా? ఒకసారి నేనిచ్చిన వస్తువు జేబులో పెట్టుకుని చావబోయావు. రెండోసారి నేను రాసిన అంకె పెట్టుకుని వెళ్తానంటే ససేమిరా ఒప్పుకోను. పరీక్షకి ఇంకా పన్నెండు రోజులుంది. నేనింకా ఏదీ ఎంచలేదు."

మర్నాడు మధ్యాహ్నం బక్కోడు గేటు దగ్గర కూర్చుని ఉంటే, స్టోరు వదిలి ఎప్పుడూ బయటికి రాని మనిషి వచ్చి ఎదురుగా నిలబడింది. లారీ వచ్చింది. అతను లేచి, గేటు గడియని పిడికిట్లో ఇరికించుకుని, మోచెయ్యి వెనక్కి విసిరి ఒక్క గుంజుతో లాగాడు. బిగుసుకున్న గడియ కిర్రుమని వచ్చేసింది.

"మళ్లీ వెయ్యి," అంది.

"ఏంటి?"

"గడియ వేసి మళ్లీ తియ్యి."

లారీ డ్రైవరు హారను కొట్టాడు. ఆమె అతని వైపు తిరిగి, "కాసేపు ఆగవయ్యా, లోపల నీకోసం ఎవరూ దిగులు పడట్లేదు," అంది. బక్కోడు గడియ వేసి మళ్లీ తీశాడు.

"నీ చేతికి పట్టు పోయింది గానీ లాగుడు పోలేదు," అంది ఆమె. "మనం ఇన్నాళ్లూ పట్టు మీద పడి కొట్టుకుంటున్నాం."

ఆ సాయంత్రం పెరట్లో ఇద్దరూ కూర్చున్నారు. అందరూ కడ్డీని కదలకుండా పట్టుకుని రేకుతో గీకుతారు. ఆమె దాన్ని తిరగేసింది. రేకుని దూది పక్కనే నేల మీద వాలుగా పెట్టి, దాని మీద బూటుకాలు వేసి తొక్కమంది. కడ్డీని పిడికిట్లో బిగించి, రేకు అంచు కింది నుంచి అతని ఒంటి వైపుకి లాక్కోమంది. రేకు కదల్లేదు. చెయ్యి వెనక్కే పోతుంది కాబట్టి దూది చెదరలేదు. రవ్వలన్నీ ఒకేచోట కుప్పగా రాలాయి. కానీ కడ్డీ సన్నం. నాలుగో లాగుడికి పిడికిట్లోంచి జారిపోయింది.

మర్నాడు ఆమె వడ్రంగి దగ్గర కూర్చుని దానికి అడ్డపిడి పెట్టించింది. నాలుగు వేళ్ల వెడల్పు గట్టి చెక్క. దాని నడుమ నుంచి కడ్డీ వేళ్ల సందులోంచి బయటికి వస్తుంది. మొదటిది జేబులో పట్టలేదు. రెండోది పట్టింది గానీ తడిస్తే జారింది. మూడోదానికి గరగరలాడేలా గీతలు పెట్టించింది. వడ్రంగి విసుక్కుని, "ఇంత చిన్న చెక్కకి ఇన్ని వంకలా తల్లీ?" అన్నాడట. "చిన్నది కాబట్టే," అందట. మైనంలో ముంచిన దూది ఉండలు నాలుగు, మూత బిగుసుకునే రేకు డబ్బాలో పెట్టి పిడికే తాడుతో కట్టింది. రోజూ పొద్దున్నే బక్కోడి చేత చెయ్యి మంచునీళ్లలో పెట్టించేది. ఏడు నిమిషాలు. ఆరు. ఐదుంపావు. అక్కడే ఆగిపోయింది.

పరీక్షకి ముందు రోజు ఆమె సూపరింటెండెంటు గదికి వెళ్లి, పరీక్ష పెరట్లో కాదు, మొదటి రాతి గదిలో పెట్టాలంది. వానలో నడిచి వెళ్లి, తడిసిన ఒంటితో వెలిగించాలంది. ఆ మాట చెవిన పడగానే బక్కోడు గేటు వదిలి స్టోరుకి వచ్చాడు.

"వదినా, నువ్వు మా వైపా, గేటు వైపా?"

"పొడి నేల మీద పాసైనవాణ్ణి నేను పైకి పంపను. నువ్వైనా సరే, పెద్దయ్యైనా సరే."

మర్నాడు జ్వరంతో పడుకున్న ఒకడు తప్ప అందరూ రెండు గంటలు వానలో నడిచారు. వదిన కూడా రిజిస్టరుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చంకన పెట్టుకుని నడిచింది. రొప్పుతూ ఆగింది గానీ, రిజిస్టరు పట్టుకుంటామంటే ఎవరికీ ఇవ్వలేదు. గదిలో పొగచూరిన పొయ్యి, దాని ముందు తడినేల. మొదటి పేరు బక్కోడిదే పిలిచింది.

మోకాలి మీద కూర్చున్నాడు. డబ్బా మూత పళ్లతో తీశాడు. దూది ఉండని విప్పి పీచులా చేయడానికే వేళ్లు మాట వినలేదు. అక్కడే ఒక నిమిషం పోయింది. రేకు మీద బూటు వేసి తొక్కాడు. పిడికిలి బిగించి, గడియ గుంజినట్టు మోచెయ్యి వెనక్కి లాగాడు. రవ్వలు రాలి ఆరిపోయాయి. మళ్లీ లాగాడు. గది కప్పు మీద వాన తప్ప ఇంకో చప్పుడు లేదు. వదిన కళ్లు గడియారం మీదే ఉన్నాయి, అతని వైపు ఒక్కసారి కూడా రాలేదు. ఆమె చూసి ఉంటే తన లాగుడు తప్పేదని అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. ఆరో లాగుడికి దూది అంచున చిన్న పసుపు చుక్క నిలబడింది. అరచెయ్యి అడ్డం పెట్టి, సన్న పుల్ల ఒకటి, దాని మీద ఇంకొకటి పేర్చాడు. చిటపటమంది.

"నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు," అంది వదిన. అంతే మామూలుగా రాసింది.

పెద్దయ్య దగ్గరకొచ్చి ఆ అడ్డపిడిని తిప్పి తిప్పి చూశాడు. "ఒరేయ్ బక్కోడా, ఆ కాలు ఎలా వేశావో మళ్లీ చూపించు. నేను ఇన్నేళ్లూ దూదిని తన్నుకుంటూనే ఉన్నాను."

సూపరింటెండెంటు మంట దగ్గర చేతులు కాచుకుంటూ అన్నాడు. "బాగుందమ్మా. ఈ పిడి ఇతనికి ఒకటి చేయించండి. మిగతావాళ్లకి మామూలు కడ్డీలు సరిపోతాయి."

"ఇతనికి ఒక్కడికే అయితే ఇంత తిప్పలు పడేదాన్ని కాదు సార్," అంది ఆమె. "వాల్వు ఎవరి వేలినైనా నలుపుతుంది. పన్నెండూ ఇలాగే ఉండాలి."

ఆయన రిజిస్టరు అందుకుని సంతకం పెట్టాడు. పై గది దాకా ఆ రోజు వంతు ఎవరిదని అడిగాడు. ఆ వంతు మనిషికి జ్వరమనీ, అది ఖాళీగా ఉందనీ పెద్దయ్య చెప్పాడు. అందరూ బక్కోడి వైపు చూశారు. అతను వదిన వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు? పాసయ్యావుగా," అంది ఆమె.

బక్కోడు డబ్బాలో దూది ఉండలు మూడున్నాయో లేదో చూసుకుని మూత బిగించాడు. వాల్వు తిప్పే తాళపుకడ్డీ భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. వాన కాస్త తగ్గింది. పక్కనే గొట్టంలో నీళ్లు దిగుతున్న చప్పుడు ఎన్నో నెలల తర్వాత మళ్లీ వినిపించింది.

"వదినా, సాయంత్రం ఆలస్యమవుతుందని అన్నకి చెప్పు."

ఆమె అప్పటికే లోపల తరవాతి పేరు పిలవబోతోంది. గుమ్మం వైపు తిరక్కుండానే జవాబిచ్చింది.

"నువ్వే వచ్చి చెప్పు."