ఖాళీ చేసి అప్పగించిన చోటు

అర్గిరిస్ సమాధికి గడువు తీరిన నెలలోనే ఆయన పాటలకూ గడువు తీరిందని కబురొచ్చింది. మొదటి కబురు శ్మశానం ఆఫీసు నుంచి, రెండోది ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచిపెట్టే కంపెనీ నుంచి. సమాధి సంగతి ఆయన భార్య పొలిక్సేనికి తెలిసిందే. మూడేళ్లయ్యాక తవ్వి, ఎముకలను వైన్‌తో కడిగి, రేకుపెట్టెలో సర్ది, చర్చి వెనకున్న అస్థుల గదిలో పెట్టాలి. ఆ చోటు ఇంకొకరికి కావాలి. పాటలను ఏం చేయాలో మాత్రం ఆమెకు తోచలేదు.

పొలిక్సేని యానినా పట్నం బజారులో ముసలితనం వచ్చేదాకా బట్టలు కుట్టింది. అర్గిరిస్ పోగోని కొండ ఊళ్లకు బస్సు తోలేవాడు. ఆ ఊళ్ల పెద్దవాళ్లు గుంపుగా కూర్చుని పాడే పాటలను రికార్డు చేయడం ఆయనకు వ్యసనం. ఆదివారాలు ఇద్దరూ కలిసే వెళ్లేవారు. ఆయన మైకు సర్దుకుంటుంటే ఆమె కోళ్లను బయటికి తోలేది, గోడ గడియారం ఆపేది, పాడేవాళ్లకు మంచినీళ్లు అందించేది. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఇంట్లో పాత కంప్యూటరు చెడిపోయాక ఆ పాటలకు ఇంటర్నెట్‌లో ఉన్న కాపీ ఒక్కటే మిగిలింది. ఆయన పోయిన తర్వాత ఆమె ఒక్క పాట కూడా వినలేదు. అవి ఉన్నాయన్న ధైర్యం ఆమెకు చాలు.

అర్గిరిస్ మేనకోడలు లాంబ్రిని మునిసిపాలిటీ కౌంటరులో పనిచేస్తుంది. పోర్టళ్లలో పని చక్కబెట్టుకోలేని జనం అంతా ఆమె దగ్గరికే వస్తారు. ఒక సాయంత్రం లాప్‌టాప్ తీసుకుని అత్త ఇంటికి వచ్చింది.

"మామయ్య కట్టింది ఈ నెలతో సరి, అత్తా. వేరే చోట్లు మూడు చూసిపెట్టాను. మొదటిది ఉచితం, బోలెడంత చోటు. కాకపోతే చాన్నాళ్లు ఎవరూ తెరవకపోతే తుడిచేస్తారు. రెండోదానికి ఏటా డబ్బు కట్టాలి. మూడోది చిన్నది, కానీ ఒక ప్రతి నీ కంప్యూటర్లో కూడా ఉంటుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, అది గుర్తుంచుకోవాలి."

"నేను పోయాక?"

"మొదటిదాన్ని ఎవరూ తెరవరు కాబట్టి తుడిచేస్తారు. రెండోది డబ్బు ఆగితే తుడిచేస్తారు. మూడోదా, నీ కంప్యూటరు ఎవరికి దక్కితే వాళ్ల దయ."

"మూడూ అద్దెకొంపలే ఏరుకొచ్చావు కదే."

"ఇంటర్నెట్‌లో సొంతిల్లు ఎవరిస్తారు? ఇదేమన్నా లంగాగుడ్డా, నువ్వు ముఖం తిప్పుకుని రెండడుగులు వేస్తే వెనక్కి పిలిచి ధర తగ్గించడానికి?"

పొలిక్సేని నవ్వలేదు. ప్రతిదాని పేరూ మళ్లీ చెప్పించుకుంది, మళ్లీ అదే అడిగింది. చివరికి లాంబ్రినికి ఇంకొకటి గుర్తొచ్చింది. పాత పాటల కోసం జిల్లావాళ్లు ఒక పోర్టల్ తెరిచారు. పన్నుల ఆఫీసు ఇచ్చిన పాస్‌వర్డుతోనే అందులోకి వెళ్లొచ్చు.

"అదెవరిది?"

"ప్రభుత్వానిది. అంటే అందరిదీ."

"గడువు?"

"గడువంటూ లేదు. కానీ పోర్టల్ అంటే గుమ్మం, అత్తా. లోపలి గదులు ఎక్కడెక్కడో ఉంటాయి."

పొలిక్సేని తలూపింది. అస్థుల గది కూడా అంతే కదా. గుమ్మం ఒకటే, లోపల ఎవరి పెట్టె వారిది. ప్రార్థనలు చదివించడం ఆగినా, వచ్చేవాళ్లు లేకపోయినా ఆ పెట్టెలను ఎవరూ పారేయరు. ఆమె మనసు అక్కడ కుదుటపడింది.

ఆ శనివారం సమాధి తవ్వారు. ఎముకలు శుభ్రంగా, తేనె రంగులో వచ్చాయి. మంచి గుర్తని ఫాదర్ అన్నాడు. పెట్టెను లోపల పెట్టాక అందరూ కాఫీకి వెళ్లిపోయినా ఆమె వెనక్కి వచ్చింది. దీపపు గూడు తీసింది, విరిగిన కుండీ ముక్కలు ఏరింది, మట్టి చదును చేసి ఊడ్చింది. ఇంకెవరో ఏడుస్తూ వచ్చే చోటును చెత్తతో అప్పగించకూడదు. తన తల్లి అలాగే చేసింది, అత్తగారూ అలాగే చేసింది.

మరుసటి వారం పోర్టల్ ముందు కూర్చుంది. అది ఒక్కో పాటకూ పాడినవాళ్ల పేరు, ఊరు, ఫోటో అడిగింది. ఆ తర్వాత పాట ఉన్న చోటి చిరునామా అడిగింది. ఎక్కడినుంచి తెచ్చుకోవాలో తెలియాలి కాబట్టి అడుగుతోందనుకుంది. చిరునామా ఇవ్వగానే పేజీలో పేరు, ఫోటో, కింద మీట కనిపించాయి. మీట నొక్కితే పాట మోగింది. అర గుక్క విని ఆపేసేది. అంతకంటే వినలేకపోయింది. అన్నీ చేరాయని నిర్ధారించుకున్నాక పాత చోటికి వెళ్లి ఒక్కొక్కటే తీసేసింది. చెత్తబుట్టలో మిగిలినవీ ఖాళీ చేసింది. ఖాతా మూసేసే చోట, ఎందుకని అడిగితే, మా ఆయన కాలం చేశారు, ఇన్నాళ్లు ఉంచినందుకు కృతజ్ఞతలు అని రాసింది.

కొంతకాలానికి అర్గిరిస్ పుట్టిన ఊరి నుంచి క్రిసావ్గి ఫోన్ చేసింది. ఆమె తల్లి పేరు వాసిలో. బతికున్నప్పుడు ఆ ఊళ్లో అందరికంటే గొప్పగా పాడేది.

"కోడలా, మా అమ్మ పాట మోగట్లేదేమిటి? పేరుంది, ఫోటో ఉంది. గొంతు లేదు."

లాంబ్రిని వచ్చి చూసింది. ఒక్కో మీటా నొక్కి చూసింది.

"పాటలు ఇక్కడికి రాలేదు, అత్తా. పోర్టల్ నువ్విచ్చిన చిరునామా చూసి, అక్కడున్నవాటినే వినిపించింది. పాతచోట ఏం చేశావు?"

"ఖాళీ చేసి అప్పగించాను."

"చెత్తబుట్ట?"

"అదీ."

"గుమ్మం అని చెప్పాను కదా నీకు."

"చెప్పావు."

లాంబ్రిని కంపెనీకి రాసింది, మళ్లీ రాసింది, మరణ పత్రం కూడా జతచేసింది. మీ కోరిక మేరకే పూర్తిగా తొలగించాం అని సమాధానం వచ్చింది. మర్యాదగానే రాశారు.

"పాడినవాళ్ల ఇళ్లన్నిటికీ ఫోన్లు నేను చేస్తాలే," అంది లాంబ్రిని. "నీకెందుకు ఆ బాధ?"

"ఫోన్‌లో చెప్పే సంగతా ఇది?" అని పొలిక్సేని కోటు తొడుక్కుంది.

క్రిసావ్గి వంటింట్లో పొయ్యి రాజేసి ఉంది. పొలిక్సేని కూర్చోకుండానే మొత్తం చెప్పింది. తన తప్పేనంది.

"దాన్నీ సమాధిలాగే ఊడ్చావా?" అంది క్రిసావ్గి.

"ఊడ్చాను."

"ఆ కంపెనీ వాడేమన్నా వచ్చి చూస్తాడా, ఊడ్చారా లేదా అని?"

"చూడడు."

"నా చేతికిచ్చినా నేనూ ఊడ్చేదాన్నే, ముదనష్టపు చేతులు." ఆమె కాఫీ పాత్ర పొయ్యి మీద పెట్టింది. కాసేపటికి, అటువైపు తిరిగే అంది. "నాకీ బాధ ఎప్పటికీ పోదు కోడలా. నిన్ను తిట్టను. కానీ పోదు."

"తెలుసు."

కాఫీ పొంగి చల్లారింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"రికార్డు చేసిన రోజు అమ్మ బాగానే పాడిందా?"

"మొదట గొంతు బొంగురుపోయింది. పిల్లిని తిట్టింది, అదీ రికార్డయింది, ఆయన తీసేయలేదు. తర్వాత ఎత్తుకుంది. పక్కింటి ఆవిడ అందుకుంది. శ్రుతి పట్టడానికి మనిషి లేకపోతే నన్ను కూర్చోమన్నారు."

"అయితే పాట నీకు వచ్చుగా."

"రాదు. శ్రుతి పట్టేవాళ్లకు ఒకే స్వరం. పైన వాళ్లేం పాడారో చెవిన పడింది గానీ నోటికి రాలేదు."

క్రిసావ్గి ఆమెను సూటిగా చూసింది. "అదే పట్టు," అంది.

పొలిక్సేని కోటు గుండీ విప్పుకుని స్వరం పట్టింది. సన్నగా మొదలై నిలబడింది. క్రిసావ్గి పొయ్యి దగ్గర, చేతిలో గుడ్డతో నిలబడి, ఎత్తుకోవాల్సిన చోట నోరు తెరిచింది. మొదటి మాట వచ్చింది. రెండో మాట దగ్గర వెతుక్కుంటూ ఆగిపోయింది. ఆగొద్దన్నట్టు చేత్తో సైగ చేసింది. పొలిక్సేని గుక్క తిప్పుకుని, పైన ఏ పాటా లేని ఆ స్వరాన్ని అలాగే పట్టి ఉంచింది.