పక్క సీటు బటన్

ఇరవై రెండేళ్లుగా శాసనసభలో కూర్చుంటున్నా వెర్నన్ హాల్వర్సన్ గోళ్లలో బార్లీ పొలం మట్టి పోలేదు. ఎవరు పలకరించినా ముందు ఒక పిప్పరమింటు బిళ్ల చేతిలో పెట్టి, చెవి ఒగ్గి వినేవాడు. పక్క సీటు డ్యూయీ కాఫీకి లేస్తే అతని ఓటు బటన్ కూడా వెర్ననే నొక్కేవాడు. వెర్నన్ లేస్తే డ్యూయీ నొక్కేవాడు. నిబంధనలు ఒప్పుకోకపోయినా సభలో అందరూ చేసే పనే అది.

ఆ మంచు ఉదయం చిన్న ఊళ్ల ఆసుపత్రులు మూసేసే బిల్లు వచ్చింది. వెర్నన్ ఊరి నర్సు లొరెయిన్ నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. “బెంగపడకు, నేను బిల్లు వద్దని ఎర్ర బటనే నొక్కుతాను” అని వరండాలో ఆమెకు ధైర్యం చెబుతుండగానే లోపల ఓటింగ్ అయిపోయింది. పరుగున వచ్చేసరికి బోర్డు మీద అతని పేరు పక్కన పచ్చదీపం వెలుగుతోంది. బిల్లు ఒక్క ఓటుతో నెగ్గింది.

“పార్టీ పచ్చ బటనే నొక్కమంది కదా అని నీదీ నొక్కేశానోయ్” అన్నాడు డ్యూయీ, మొహం పాలిపోయి.

“ఆ ఓటు నువ్వు వెయ్యలేదని చెప్పవేం వెర్నన్! ఇంతసేపూ నా ఎదుటే ఉన్నావు. నేను సాక్షిని” అంది లొరెయిన్ గుమ్మంలోంచి.

వెర్నన్ మైకు అందుకున్నాడు. నోరు విప్పితే ఇన్నేళ్లుగా తను నొక్కిన డ్యూయీ ఓట్లూ, అందరి పక్క సీటు ఓట్లూ బయటపడతాయి. సభలో ఒక్కరూ తలెత్తలేదు. మైకు మెల్లగా తిరిగి పెట్టేశాడు.

గుమ్మంలో లొరెయిన్ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకోసాగింది.