ఒంటె వైపు తిరిగిన చుక్క

రెండు వేల సంవత్సరం రావడానికి ఏడు నెలల ముందు, పంజగుట్టలో చేత్తో గ్రీటింగ్ కార్డులు తయారుచేసే ఒక వర్క్‌షాపులో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. అంతకు ముందు రెండేళ్లు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మూలలు కొలిచిన అనుభవం తప్ప కార్డుల గురించి నాకేమీ తెలియదు. ఇంటర్వ్యూలో మాత్రం, కాగితాన్ని చెవి దగ్గర ఆడిస్తే అది ఎన్ని జీఎస్ఎమ్మో చెప్పేస్తానన్నాను. జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న కొలత. యజమాని యాదగిరి నా చెవి పక్కన ఒక షీటు టపటపలాడించాడు. కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించినట్టు నటించి, "రెండొందల యాభై" అన్నాను. ఆ షీటు తీసిన కట్ట మీది లేబులు నేను లోపలికి వస్తూనే చదివేశాను. "మస్తు చెవులున్నయ్ నీకు" అని ఉద్యోగం ఇచ్చాడు.

నన్ను ఎరిగినవాళ్లు ఇది చదువుతూ, మూర్తి మళ్లీ కోతలు మొదలుపెట్టాడని అనుకుంటారు. వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది. కానీ ఈ ముచ్చటలో పెద్ద అబద్ధం ఒక్కటే ఉంది. అది నేను అప్పుడు చెప్పింది, ఇప్పుడు చెబుతున్నది కాదు.

అవి అమీర్‌పేటలో కరెంటు స్తంభాలు కూడా కంప్యూటర్ కోర్సులు చేసినట్టు కనిపించిన రోజులు. ప్రతి స్తంభానికీ నాలుగు భాషల పేర్లు అంటించి ఉండేవి, నాలుగూ మనుషులు మాట్లాడే భాషలు కావు. మైత్రీవనం ముందు నుంచి నడిచి పంజగుట్ట చేరేసరికి చేతిలో పదిపన్నెండు కరపత్రాలు పోగయ్యేవి. బేగంపేటలో కొత్తగా వెలిసిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులు డిసెంబరులో విదేశీ క్లయింట్లకు కార్డులు పంపేవి. ప్రెస్సులో అచ్చయిన కార్డు అందరూ పంపుతున్నారు కాబట్టి, చేత్తో చేసినదైతే గొప్పగా ఉంటుందని వాళ్ల ఆలోచన. మా వర్క్‌షాపు ఆ ఆలోచన మీదే బతికింది.

మా పని పద్ధతి చెప్పాలి. ప్రతి డిజైనుకూ ముందు ఒక మాస్టర్ శాంపిల్ చేస్తారు. దాని వెనక కస్టమర్, యజమాని, సూపర్‌వైజర్ ముగ్గురూ సంతకం చేసి బీరువాలో పెడతారు. తర్వాత జాబ్ కార్డు రాయాలి. ఏ కాగితం, ఏ కొలత, ఏ మడత తర్వాత ఏ మడత, ఎక్కడ జిగురు అన్నీ అందులో ఉంటాయి. జాబ్ కార్డు రాయడం నా పని. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు దాన్ని బట్టి చేస్తారు, నేను శాంపిల్‌తో పోల్చి పాసు చేస్తాను. కార్డు వెనక గీత గానీ, మరక గానీ, వేలిముద్ర గానీ ఉంటే రిజెక్ట్. ఈ రూలు గుర్తుంచుకోండి.

మడతల బల్ల దగ్గర ఐదుగురు ఆడవాళ్లు ఉండేవారు. వాళ్లలో ఎస్తేరు యూసుఫ్‌గూడ నుంచి వచ్చేది. ఆమెకు ఇరవై నాలుగేళ్లుంటాయి, నాకంటే మూడేళ్లు చిన్న. చిన్నప్పటి నుంచీ వాళ్ల చర్చికీ, వాళ్ల సందులో ఇళ్లకీ క్రిస్మస్‌కు వేలాడదీసే కాగితపు చుక్కలు ఆమే కట్టి ఇచ్చేదట. దారిలో చేతికొచ్చిన కోచింగ్ కరపత్రాలు ఒక్కటీ పారేసేది కాదు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిన్నాక వాటితో చుక్కలు మడిచేది. మడత నొక్కడానికి అందరికీ ప్లాస్టిక్ పుల్లలు ఇచ్చాం గానీ, ఆమె పాత దువ్వెన వీపుతోనే నొక్కేది. ఎడమ చేతి వాటం. ఆ సంగతి నేను చేరిన మొదటి రోజే చూశాను. చూడటం వేరు, పట్టించుకోవడం వేరు.

నేను ఆమెను "ఎస్తేరు గారూ" అనేవాణ్ణి. మా గుంటూరు వైపు అలవాటు. ఆమె మొదట్లో వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినైనా పిలుస్తున్నానేమోనని. ఒకరోజు అడిగేసింది.

"గారు ఎందుకు సార్? నాకు నవ్వొస్తది. మా ఇంట్ల మా నాయినకు సుత ఎవరూ గారు అనరు."

"మరి ఏమని పిలవమంటారు?"

"గది సుత నేనే చెప్పాల్నా?"

బల్ల దగ్గర మిగతా నలుగురూ నవ్వారు. నేను స్కేలు తీసుకుని, అవసరం లేని చోట కొలతలు తీయడం మొదలుపెట్టాను.

అక్టోబరులో బేగంపేట ఆఫీసు ఒకటి ఆరు వందల కార్డులు కావాలంది. అక్కడి అడ్మిన్ మేనేజర్ లలితగారు మాట్లాడటానికి వచ్చినప్పుడు, ఎస్తేరు బల్ల మీద కరపత్రంతో మడిచిన చుక్క ఒకటి కనబడింది. మూసి ఉన్న కాగితాన్ని తెరవగానే ఆ చుక్క పైకి లేచి, గిర్రున పావు చుట్టు తిరిగి ఆగింది. దాని రెక్కల మీద "నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్న మాట ముక్కలు ముక్కలుగా కనిపించింది. లలితగారు దాన్ని పది సార్లు తెరిచి మూసి, ఇదే కావాలన్నారు.

అలా తయారైంది శాంపిల్. కార్డు తెరిస్తే అడుగున ఎడమ పక్క యేసు పుట్టిన పశువుల పాక, కుడి పక్క చుక్కను బట్టి ఆయన్ని వెతుక్కుంటూ ఒంటె మీద వచ్చే జ్ఞాని, రెండూ స్క్రీన్ ప్రింటులో. మధ్యలో బంగారు రంగు కాగితపు చుక్క లేచి తిరిగి ఆగితే, దాని పొడుగాటి తోక సరిగ్గా పాకను చూపిస్తుంది. ఎస్తేరు దాన్ని నా చేతికిస్తూ ఒక్కటే అడిగింది. కార్డు వెనక, మూలన, చిన్న అక్షరాల్లో తన పేరు ఉండొచ్చా అని.

"ఎక్కడో దూరదేశంల ఎవరో తెరుస్తరు గద సార్. మస్తుందే అనుకుంటరు. ఎవరు చేసిన్రో తెల్వాలె గద. మా గల్లీల నా చుక్కలు చూసి ఏ దుకాణంల కొన్నరని అడుగుతరు."

కస్టమర్ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు యాదగిరి. అడిగే బాధ్యత నాది. సరేనన్నాను. శాంపిల్ మీద సంతకాలకు పంపే ముందు తిప్పి చూస్తే, వెనక మూలన పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: ఎస్తేరు. వెనక గీత ఉంటే రిజెక్ట్ కాబట్టి రబ్బరుతో తుడిచేశాను. సంతకాల రోజున లలితగారు హడావిడిలో ఉన్నారు, తర్వాత అడుగుదామనుకున్నాను. ఎస్తేరు రెండు సార్లు గుర్తుచేసింది. రెండు సార్లూ "ఫికర్ చెయ్యకండి" అన్నాను, ఆమె భాషలో.

ఇక జాబ్ కార్డు. చుక్క రెక్కల పొడవు, లేచే ఎత్తు, జిగురు వెడల్పు అన్నీ రాశాను. చుక్కను తిప్పే మెలిక మడత దగ్గర మాత్రం "శాంపిల్ ప్రకారం" అని రాసి వదిలేశాను. ఆ మెలిక ఎటు తిప్పాలో రాయలేదు. కుడిచేతి వాటం మనిషి కాగితాన్ని సహజంగా ఒక వైపు మెలిపెడుతుంది, ఎడమచేతి వాటం మనిషి రెండో వైపు. మూసి ఉన్నంతసేపూ రెంటికీ తేడా కనపడదు. చుక్కలు మూసి ఉండగానే కొలిచి పాసు చేశాను. వాటిని అట్టల్లో అతికించి, మూసి, బరువులు పెట్టి ఆరబెట్టారు.

డిసెంబరు మొదటి వారంలో బరువులు తీసి కార్డులు తెరవడం మొదలుపెట్టాం. ఎస్తేరు ఒక్కతే సగం చేసింది. ఆమె చేయి అంత వేగం. మిగతా నలుగురూ కలిసి సగం. ఎస్తేరు చేసినవన్నీ పాకను చూపించాయి. మిగతా మూడు వందల చుక్కలూ రెండో వైపు తిరిగి, తోక సాచి, ఒంటెను చూపించాయి.

యాదగిరి ఒక కార్డు పట్టుకుని నా ముందుకొచ్చాడు. "గిదేంది మూర్తీ? ఒంటెకు పుట్టిండా బాలయేసు?"

ఎస్తేరు నా జాబ్ కార్డు తీసి చదివింది, ఒక చుక్క ఎడమ చేత్తో, ఒకటి కుడి చేత్తో మెలిపెట్టి చూసింది, ఆమెకు విషయం అర్థమైంది. "చుక్కే తప్పు దారి చూపిస్తే జ్ఞానులు ఎటు పోవాలె సార్?" అంది మెల్లగా. తర్వాత యాదగిరితో, ఐదు రోజులిస్తే మూడు వందలూ తానే మళ్లీ చేస్తానంది. కార్డులు మూడో రోజున విదేశాలకు కొరియర్ ఎక్కాలి. రెండు రోజుల గడువు అడగాలంటే, తప్పు నా జాబ్ కార్డుదని కస్టమర్ ముందు ఒప్పుకోవాలి. నేను ఇంకా ఆ లెక్కలో ఉండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. పంపే ముందు తనిఖీ కోసం లలితగారు ఒక రోజు ముందే వచ్చేశారు.

ఆమె బల్ల మీద నుంచి ఒక కార్డు తెరిచారు. పాక. రెండోది తెరిచారు. ఒంటె.

"ఏంటి మూర్తిగారూ, ఇది అటు చూస్తోందేంటి?"

ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది నేను ఆలోచించి చెప్పింది కాదు. "అదే కదండీ దీని గొప్ప" అన్నాను. ఇది పాత హైదరాబాదు పద్ధతి అన్నాను. పూర్వం సుందరం మాస్టారని ఒకాయన ఉండేవారు, నవాబుల భవంతులకు, దేవిడీలకు కాగితపు లాంతర్లు కట్టేవారు, ఆయన చుక్కల్ని ఎప్పుడూ జంటగానే చేసేవారు అన్నాను. ఒంటెను చూపే చుక్క బయలుదేరమని పిలుస్తుంది, పాకను చూపేది చేరావని చెబుతుంది. ఒక ఇంటికి ఒకే చుక్క పంపితే మాస్టారు ఒప్పుకునేవారు కాదు, ఒకసారి ఒక నవాబుగారి ఆర్డరునే తిప్పి పంపారు అన్నాను. ఆ చివరి ముక్క అవసరం లేదు. కానీ కథ నడుస్తున్నప్పుడు ఆపడం నాకు చేతకాదు.

లలితగారి కళ్లు మెరిశాయి. "ఎంత బాగుందండీ! ఎలాగూ క్లయింటుకు రెండేసి పంపుతున్నాం, జంటగా పంపుదాం. ఆ మాస్టారి పేరు వెనక ఎందుకు వేయలేదు? వేయించండి."

అడగాల్సిన మాట ఆమే అందించారు. వెనక పేరు వేయడానికి కస్టమర్‌కు అభ్యంతరం లేదు. వేయాల్సిన పేరు గల మనిషి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఇది సుందరం మాస్టారిది కాదండీ, ఎస్తేరుది అంటే చాలు. కానీ ఆ ఒక్క మాటతో మాస్టారు పోతారు, ఆయనతో జంట చుక్కలు పోతాయి, మిగిలేది నా జాబ్ కార్డులోని ఖాళీ. "తప్పకుండా వేయిస్తానండీ" అన్నాను.

లలితగారు వెళ్లాక యాదగిరి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నోరా అది, సినిమా హాలా?" అన్నాడు. బల్ల దగ్గర అందరూ పగలబడి నవ్వుతున్నారు. నవ్వు తగ్గాక ఎస్తేరు తలెత్తింది.

"ఆ మాస్టారు ఏ చేత్తో చేసేటోడు సార్?"

స్టాంపు చేయించాలని చెప్పి నేను మెట్లు దిగాను.

రబ్బరు స్టాంపు సాయంత్రానికి వచ్చింది. ఆరు వందల కార్డుల వెనక, మూలన, సుందరం మాస్టారి పేరు వేసింది ఎస్తేరే. ఎవరూ ఆమెను వేయమనలేదు, తనే తీసుకుంది. ఒక్క స్టాంపూ వంకర పోలేదు. నేను తనిఖీ చేశాను, ఒక్కటీ రిజెక్ట్ కాలేదు.

క్రిస్మస్ సెలవు తర్వాత ఆమె పనికి రాలేదు. వారం చూసి యూసుఫ్‌గూడ వెళ్లాను. వాళ్లు అద్దెకున్న గదికి తాళం ఉంది, తలుపు మీద కట్టిన చుక్క మాత్రం ఇంకా తీయలేదు. పక్కింటావిడ, తండ్రికి ఎక్కడో పని దొరికితే అందరూ వెళ్లిపోయారని చెప్పింది, ఎక్కడో ఆమెకూ తెలియదు. నేను ఏం చెబుదామని వెళ్లానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. క్షమాపణ అయితే ఒక వాక్యంలో అయిపోతుంది. గారు తీసేసి పిలిస్తే ఎలా ఉంటుందోనని దారంతా మనసులో అనుకుంటూ వెళ్లినట్టు మాత్రం గుర్తుంది.

మరో రెండేళ్లకు ఆ వర్క్‌షాపు మూతపడింది. అప్పటికి కార్డులు ఈమెయిల్లో వెళ్లడం మొదలైంది. బీరువా ఖాళీ చేసేటప్పుడు ఆ మాస్టర్ శాంపిల్ నేను తీసుకున్నాను. వెనక ముగ్గురి సంతకాలున్నాయి. మూలన నేను తుడిచిన చోట ఏమీ లేదు. కానీ కిటికీ పక్కన ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిలు నొక్కిన గాడి కనిపిస్తుంది, పేరు చదవచ్చు. డిసెంబరులో యూసుఫ్‌గూడ వైపు వెళ్లినప్పుడల్లా ఇళ్ల ముందు వేలాడే చుక్కలు చూస్తాను. దుకాణంలో మడతల కార్డు కనబడితే కొననని తెలిసీ తెరుస్తాను, ఎటు తిరుగుతుందోనని. ఇప్పటివరకూ అన్నీ కుడిచేతివే.

ఆ తర్వాత ప్యాకేజింగ్ కంపెనీల్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, క్వాలిటీ మేనేజర్‌గా, కళ్ల డాక్టరు మాట విని కాస్త ముందే రిటైరయ్యాను. పనిచేసిన ప్రతి చోటా జాబ్ కార్డులో రెండు గడులు చేర్పించాను. శాంపిల్ చేసినవారి పేరు, చేసిన చెయ్యి కుడిదా ఎడమదా. శాంపిల్ ఒక మనిషి చేతిలోంచి వస్తుంది కాబట్టి, ఆ మనిషి వివరం లేని జాబ్ కార్డు అసంపూర్ణం. ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే.

ఒకసారి ఆడిటర్ ఒకాయన ఈ గడులు ఎందుకని అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కథ బాగా అల్లారు సార్ అని నవ్వి, గడులకు మాత్రం టిక్కు పెట్టి వెళ్లాడు.