బొమ్మలు చూపించి మూయించిన బడి

కొందరు కొరివితో తల గోక్కుంటారు. నేనైతే ఆ కొరివిని చుట్టచుట్టి, పెనుకొండ బస్సెక్కించి మరీ తీసుకెళ్లాను. అవే బొమ్మల పటాలు.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో ట్రైనింగు ముగించుకుని, హిందూపురం నుంచి పెనుకొండ పక్కన ఓ పల్లెకు అయ్యవారిగా వెళ్లాను. ఒకే గది, ఒకే అయ్యవారు. అడవి, చెరువు, ఇల్లు పటాలు గోడకు తగిలించి, "ఏ జీవి ఎక్కడుంటుందో కళ్లు పెట్టి చూడండి. చూసింది చూసినట్టు చెప్పండి. ఎవరికీ భయపడొద్దు" అని బోధించాను. ఆ చివరి ముక్క నా నోట ఏ దయ్యం పలికించిందో!

గొర్రెలు కాసే ఓబన్న కూతురు అంజినమ్మ చెరువు పటానికి ముక్కు ఆనించి చూసింది.

"అయ్యవారూ, కొంగ చూపు చేప తట్టే ఉండాది. రోంతసేపుంటే చేప గోవిందా!"

నేను పాలలా పొంగాను. పొయ్యి ఆరిపోతుందని పాలకు తెలుస్తుందా?

ఓ రోజు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "గబ్బిలం ఎక్కడుంటుంది?"

అంజినమ్మ పటం వైపు చూడలేదు. పైకి చూసింది. "మా బళ్లోనే సార్. అదో, దూలానికి!"

"మరి తేలు?"

"అదీ ఈడే. మీ కుర్చీ యెనక, గోడ సందులో."

ఇన్‌స్పెక్టరు గారి కాళ్లు రెండూ కుర్చీ మీదికెక్కాయి. పటం చూడవే తల్లీ అని నేను కళ్లతో సైగ చేశాను. ఆ పిల్ల దాన్ని మెచ్చుకోలనుకుంది.

"పాము సంగతి అడగండి సార్! అది యాడుంటాదో గూడా తెలుసు!"

"ఏమయ్యా, ఇది బడా, అడవా?" అని ఆయన నామీద గర్జించారు.

"ప్రత్యక్ష పరిశీలన సార్!" అన్నాను, మెడలో దండ పడుతుందన్నంత గర్వంగా.

ఇక కొత్త బడి కట్టిస్తారని ఊరంతా చాటాను. వచ్చింది మాత్రం, పురుగూ పుట్రా ఉన్న గది పనికిరాదు, బడి మూసేయమన్న ఉత్తర్వు. పిల్లలు వాగు అవతలి ఊరి బడికి, నేను బదిలీ మీద ముదిగుబ్బ వైపుకి. ఎలుక మీద కోపంతో ఇల్లు కాల్చినవాడైనా నయం, ఎలుకనన్నా తరిమాడు. మా తేలు మాత్రం ఆ గోడలోనే మిగిలింది.

బస్సు దగ్గర ఓబన్న అన్నాడు: "వాగు దాటి ఆడపిల్లను యాడ పంపేది అయ్యవారూ? గొర్రెల ఎంబడి పోతాదిలే."

అంజినమ్మ నా చొక్కా పట్టుకుంది. "నేను తప్పు చెప్పినానా?"

"లేదమ్మా. అన్నీ సరిగ్గానే చెప్పినావు."

"మరి బడెందుకు మూసినారు?"

నేనెక్కాల్సిన ధర్మవరం బస్సు హారన్ కొట్టింది. ఉద్యోగంలో నన్ను కాపాడిన మొదటి పై అధికారి ఆ హారనే.

సీట్లో కూర్చుని, కుడిచెయ్యి గుండెమీద వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఇన్‌స్పెక్షన్ రోజున నా బడి పిల్లలందరికీ కళ్లకలక వచ్చి తీరాలి, బడిలో ఉన్నదేదీ వాళ్లకు కనబడకూడదు! రిటైరయ్యేదాకా ఆ ఒట్టు తప్పలేదు. ఉత్తమ ఉపాధ్యాయుడన్న పేరు కూడా దానితోనే వచ్చింది.